బోర్డు కనిపించట్లేదని మా అమ్మాయి తనంతట తానే టీచరుకు చెప్పుకోవాలంటే ఎలా నేర్పాలి?

మామిడితోట (ప్రశ్న)

అందరికీ నమస్తే. మాది నూజివీడు దగ్గర పల్లెటూరు. మా అమ్మాయి జిల్లా పరిషత్ హైస్కూల్లో తొమ్మిదో తరగతి. ఏడో తరగతిలో ఉండగా పుస్తకం ముక్కుకు ఆనించుకుని చదువుతుంటే సైట్ వచ్చిందనుకుని అద్దాలు చేయించాం. అద్దాలు మార్చినా తేడా రాలేదు. విజయవాడలో పెద్ద కంటి ఆసుపత్రిలో చూపిస్తే స్టార్‌గార్ట్ అన్నారు. జన్యువుల వల్ల వచ్చేదట, రెటీనాలో నడిమి భాగం మెల్లగా దెబ్బతింటుందట. అద్దాలతో సరిపోయేది కాదు, పక్క చూపు మాత్రం బాగానే ఉంటుందన్నారు.

ఆ పక్క చూపు బాగుండటం వల్లే ఎవరూ నమ్మరు. పిల్ల వీధిలో చకచకా నడుస్తుంది, ఖోఖో ఆడుతుంది, వాకిట్లో ముగ్గు పెడుతుంది. చూసేవాళ్లకి కళ్లు నిక్షేపంగా ఉన్నట్టే ఉంటాయి. బోర్డు మీద అక్షరం మాత్రం కనపడదు. ఎదురుగా వచ్చే మనిషి మొహం పోల్చుకోలేదు, మాట వినపడితే గొంతును బట్టి తెలుసుకుంటుంది. వరండాలో ఎదురుపడితే నమస్తే పెట్టలేదని ఒక మేడం పొగరు అన్నారట. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేదు.

పొడుగు పిల్ల కాబట్టి చివరి బెంచీ. పక్కమ్మాయి నోట్సు ఇంటికి తెచ్చుకుని రాత్రి పొద్దుపోయేదాకా ఎత్తి రాసుకుంటుంది. ఇన్నాళ్లూ నేనే వెళ్లి మాట్లాడుతున్నాను. చెప్పినప్పుడు ముందు కూర్చోబెడతారు, నెల తిరిగేసరికి సీట్లు మారిపోతాయి. కొత్త సార్ వస్తే మళ్లీ మొదటికి.

పదో తరగతి మార్కులతో ట్రిపుల్ ఐటీలో సీటు తెచ్చుకోవాలని దాని ఆశ. నూజివీడు క్యాంపస్ మాకు దగ్గరే, కానీ హాస్టల్లో ఉండి ఆరేళ్లు చదవాలి. అక్కడ ప్రతి సారు దగ్గరకూ నేను వెళ్లలేను కదా. "నువ్వే అడగాలమ్మా" అంటే తలూపుతుంది. బడికి వెళ్లాక నోరు పెగలదు. "అందరూ నన్నే చూస్తారు, వద్దమ్మా" అంటుంది. గట్టిగా అంటే కళ్లనీళ్లు పెట్టుకుంటుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఈ విషయం బయట ఎవరికీ తెలియనివ్వొద్దని మా అత్తయ్యగారు అంటారు. ఆడపిల్ల, రేపు సంబంధాలు చూడాలి అని ఆవిడ బాధ. ఆ దిగులు నాకూ లేకపోలేదు. సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఎంత శాతమో ప్రభుత్వం ఇచ్చే కాగితం) ఇంకా తీసుకోలేదు.

నోరు తెరిచి అడగడం నేర్పడానికి పద్ధతేదైనా ఉంటే, ఇలాంటి పిల్లలతో పనిచేసినవాళ్లు చెప్పండి.

లెక్కల మాస్టారు

అమ్మా, నేను ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. పిల్ల అడిగితే టీచరు వినాలి కదా, ఆ వైపు నుంచి రెండు మాటలు.

పాఠం మధ్యలో లేచి "కనపడట్లేదు సార్" అంటే, గది నిండా పిల్లలు, సిలబస్ టెన్షన్, "అద్దాలు పెట్టుకో, కూర్చో" అని ఆలోచించేలోపే నోట్లోంచి వచ్చేస్తుంది. అదే ఇంటర్వెల్లో స్టాఫ్‌రూమ్‌కి వచ్చి తన నోట్సు తెరిచి చూపించి, ఫలానా సాయం కావాలి సార్ అంటే ఏ టీచరైనా వింటాడు. సాయం చేయండి అని ఊరికే అంటే ఏం చేయాలో మాకు తోచదు. ఏం చేయాలో ఆ పిల్లే చెబితే చేసేస్తాం.

లెక్కల క్లాసు వరకు ఏం అడగాలో నేనే చెబుతాను. మేం బోర్డు ముందు నిలబడి "ఇది ఇటు వస్తే అది మైనస్ అవుతుంది, దీన్ని దీంతో కొట్టేస్తే ఇది మిగులుతుంది" అంటాం. బోర్డు కనపడే పిల్లలకు అది పాఠం. మీ అమ్మాయికి ఆ మాటల్లో ఏమీ లేదు. "సార్, రాసేది పైకి చదువుతూ రాయండి. ఇది, అది అన్నప్పుడు ఆ సంఖ్య పేరు చెప్పండి" అని అడగమనండి. దీనికి మాకు అదనంగా పట్టే సమయం లేదు, వెనక బెంచీ పిల్లలందరికీ లాభం. ఒకసారి చెబితే మర్చిపోతాం. వారం పోయాక మళ్లీ గుర్తుచేయాలి. గుర్తుచేస్తే కోపం తెచ్చుకునేవాళ్లు తక్కువే.

భవిత టీచర్

మామిడితోట గారూ, నేను సమగ్ర శిక్షలో సహిత విద్య రిసోర్స్ పర్సన్‌ని. మండలంలో భవిత కేంద్రం చూసుకుంటూ, మామూలు బడుల్లో చదివే ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ఊళ్లు తిరుగుతుంటాను. మీ మండలంలోనూ ఇలాంటి టీచర్లు ఉంటారు. ఎమ్మార్సీలో, అంటే మండల విద్యా వనరుల కేంద్రంలో అడిగితే చెబుతారు, ముందు వాళ్లను కలవండి. మాస్టారు చెప్పిన "ఇది, అది" సంగతి నూటికి నూరుపాళ్లు నిజం. ఏ బడికి వెళ్లినా నేను మొదట చెప్పే మాట అదే.

మీరు కోప్పడినా సరే, అన్నిటికంటే ముందు ఒకటి చెప్పాలి. ఇంట్లో "ఎవరికీ చెప్పకు" అని, బడిలో "నువ్వే చెప్పుకో" అని ఒకే పిల్లకు రెండూ చెప్పలేం. మీ అమ్మాయి నోరు పెగలకపోవడానికి బిడియం కొంత కారణమైతే కావచ్చు. కానీ తన కంటి సంగతి బయటపడితే ఇంటి పరువు పోతుందని పిల్లకు అర్థమయ్యాక, యాభై మంది మధ్య లేచి ఎలా చెబుతుంది? అత్తయ్యగారి భయాన్ని నేను తేలిగ్గా తీసుకోవట్లేదు. ఊళ్లో మాటలు ఎలా ఉంటాయో నాకు తెలుసు. అందుకే ఎవరికి ఎంత చెప్పాలనేది అమ్మాయితోనే కూర్చుని తేల్చుకోండి. పాఠం చెప్పే టీచర్లకు తెలియాలి. పక్కన కూర్చునే స్నేహితురాలికి తెలిస్తే మంచిది, ఎవరు వస్తున్నారో చెవిలో చెబుతుంది, ఆ నమస్తే గొడవ తీరిపోతుంది. బస్సులో పలకరించినావిడకు చెప్పాల్సిన పని లేదు. ఈ గీత ఎక్కడ గీయాలో అమ్మాయే నిర్ణయించుకుంటే, చెప్పాల్సిన చోట ధైర్యం దానంతటదే కొంత వస్తుంది.

రెండో సంగతి. తన కంటికి ఏమైందో పిల్లకు ఎంత తెలుసు? నేను చూసిన చాలా ఇళ్లలో డాక్టరు పెద్దవాళ్లకే చెబుతారు, పిల్లను బయట కుర్చీలో కూర్చోబెడతారు. పిల్లకు తెలిసేదల్లా "కళ్ల జబ్బు" అన్న మాట, అమ్మ ఏడవడం. రాత్రిళ్లు వాళ్లను తినేసే ప్రశ్న ఒకటే, "నేను పూర్తిగా గుడ్డిదాన్నయిపోతానా?" అని. పైకి అడగరు. స్టార్‌గార్ట్‌లో మామూలుగా అంతా చీకటైపోవడం జరగదు, నడిమి చూపు తగ్గినా చాలామందికి పక్క చూపు నిలుస్తుంది. అయినా ఈ మాట మీరూ నేనూ చెప్పడం వేరు, తను అడిగి డాక్టరు నోటి నుంచి వినడం వేరు. ఈసారి చెకప్‌కి వెళ్లినప్పుడు డాక్టరు ఎదురు కుర్చీలో అమ్మాయిని కూర్చోబెట్టండి. ఏం అడగాలో ఇంట్లోనే కాగితం మీద రాసుకోమనండి. తన గురించి తాను మాట్లాడటానికి అదే మొదటి సాధన. డాక్టరు గదిలో క్లాసు పిల్లలెవరూ ఉండరు కాబట్టి సిగ్గు తక్కువ. ఆ రోజే విటమిన్ ఎ గురించీ అడగమనండి. కళ్లకు మంచిదని ఎవరో ఒకరు గుళికలు తెచ్చిస్తారు, ఈ జబ్బులో డాక్టర్లు వాటిని వద్దంటారు. మామూలు కూరల్లో క్యారెట్ తింటే ఫర్వాలేదు.

వచ్చాక తన సంగతి తన మాటల్లో రెండు మూడు వాక్యాల్లో చెప్పడం నేర్చుకోవాలి. "నాకు నడిమిన మసగ్గా ఉంటుంది సార్, పక్కల కనిపిస్తుంది. అద్దాలతో తగ్గదు. పెద్దక్షరాలు, దగ్గరగా ఉంటే చదవగలను." ఇంతే. జబ్బు పేరు, జన్యువులు టీచరుకు అక్కర్లేదు. ఇంకొకటి కూడా చెప్పాలి. నడిమి చూపు పోయిన పిల్లలు ఏదైనా సరిగ్గా చూడాలంటే కన్ను కొంచెం పక్కకు తిప్పి చూస్తారు, అప్పుడే ఆ వస్తువు బాగున్న రెటీనా మీద పడుతుంది. తెలియని టీచరు "బోర్డు ఇక్కడుంటే ఎటు చూస్తున్నావ్?" అంటారు. "పక్కకు తిప్పితేనే నాకు కనపడుతుంది సార్" అని ముందే చెబితే ఆ తిట్టు తప్పుతుంది.

ఇక ఏం అడగాలో తెలియాలంటే ఏది పనిచేస్తుందో తనకు తెలిసి ఉండాలి. ఒక ఆదివారం బడి తాళం అడిగి తీసుకుని వెళ్లండి, హెచ్ఎం గారు కాదనరు. మీరు బోర్డు మీద రాయండి, తను ఒక్కో బెంచీలో కూర్చుని చూడాలి. ఎంత దూరంలో, ఎంత పెద్ద అక్షరం, తెల్ల సుద్దా పసుపు సుద్దా, ఏ కిటికీ తెరిస్తే బోర్డు మీద వెలుగుపడి మెరుస్తోంది, ఎడమ పక్క కూర్చుంటే నయమా, కుడి పక్కా. కొందరు పిల్లలకు నట్టనడిమి ముందు బెంచీ కంటే ఓ పక్క బెంచీయే నయం. చీకటి వరండాలోంచి ఎండలోకి, ఎండలోంచి గదిలోకి వచ్చినప్పుడు కళ్లు సర్దుకోవడానికి ఎంతసేపు పడుతుందో కూడా చూసుకోమనండి. అన్నీ తనే నోట్సులో రాసుకోవాలి. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో చూపు తక్కువున్నవారి కోసం ప్రత్యేక విభాగం ఉంది. భూతద్దాలు, చదువుకునే స్టాండు లాంటివి అక్కడ పెట్టి చూపించి ఏది పనికొస్తుందో చెబుతారు. పాఠ్యపుస్తకాల పీడీఎఫ్‌లు ఎలాగూ దొరుకుతాయి. ఫోన్లోనో ట్యాబ్‌లోనో పెద్దవి చేసుకుని రేపటి పాఠం ముందు రోజే చదువుకుని వెళ్తే బోర్డు మీద ఆధారపడటం సగం తగ్గుతుంది.

తర్వాత అడగడం. అందరికంటే మెత్తగా ఉండే టీచరు ఎవరో పిల్లనే అడగండి, మొదలు అక్కడే. కోపిష్టి సార్ దగ్గర మొదలుపెడితే మళ్లీ ఏడాదిదాకా నోరు తెరవదు. ఇంట్లో మీరు టీచరుగా నటించండి. మొదటిసారి "సరేనమ్మా" అనండి. రెండోసారి "ముందు బెంచీలన్నీ నిండిపోయాయి, ఎలా?" అనండి. మూడోసారి విసుక్కోండి. కాదంటే ఏం అనాలో తెలియకపోవడమే పిల్లల అసలు భయం. "అయితే మీరు రాశాక నేను బోర్డు దగ్గరికొచ్చి రాసుకోవచ్చా సార్?" "మీ నోట్సు ఇంటర్వెల్లో చూసుకోనా మేడం?" ఇలా రెండో మాట జేబులో పెట్టుకుని వెళ్లాలి.

ముఖ్యంగా మీకు ఒక మాట. తోడుగా వెళ్లండి, కానీ మాట్లాడకండి. టీచరు అలవాటు కొద్దీ మీ వైపే తిరిగి అడుగుతారు. మీరు జవాబు చెప్పకుండా అమ్మాయి వైపు చూడండి. ఎంత కష్టమో నాకు తెలుసు. మా మండలంలో వినికిడి మిషన్ పెట్టుకునే అబ్బాయి ఒకడున్నాడు, ఎనిమిదో తరగతి. వాళ్ల నాన్నతో హెచ్ఎం గదికి వెళ్లాం. "ఏ చెవి బాగా వినిపిస్తుంది?" అని హెచ్ఎం గారు అడిగితే నాన్న నోరు తెరిచాడు, నేను చెయ్యి అడ్డం పెట్టాను. వాడు చాలాసేపు నేల చూస్తూ నిలబడ్డాడు. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. హెచ్ఎం గారు మంచి మనిషి, ఆగారు. చివరికి అన్నాడు, "కుడి చెవి సార్. నన్ను ఎడమ గోడ పక్కన కూర్చోబెట్టండి. అప్పుడు మీరూ, క్లాసూ అందరూ నా కుడి పక్కనే ఉంటారు." ఏళ్ల తరబడి వాడికోసం బడి చుట్టూ తిరిగిన నాన్నకు ఆ ఆలోచన ఎప్పుడూ రాలేదు. నాకూ తట్టలేదు. వాడు మాత్రం ఎప్పటినుంచో అనుకుంటున్నాడు, అడిగినవాళ్లు లేరు.

నోటితో అడిగింది నెలకు మాసిపోతోందంటున్నారు కాబట్టి హెచ్ఎం గారికి ఉత్తరం రాయించండి. తెలుగు వాచకంలో లేఖారచన నేర్చుకుంటూనే ఉన్నారు, ఇది నిజం లేఖ అవుతుంది. తన చేతి రాతతో, తేదీ వేసి, తనకు కావలసినవి రాసి, సంతకం పెట్టి ఇవ్వాలి. ఒక కాపీ మీద అందినట్టు సంతకం తీసుకుని ఉంచుకోవాలి. కొత్త సార్ వచ్చినప్పుడు ఆ కాపీ చూపించి మాట మొదలుపెట్టడం తేలిక.

సర్టిఫికెట్ సంగతి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 17వ సెక్షన్ పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడి గురించి స్పష్టంగా చెబుతుంది. 2018 ఆగస్టులో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలి. అంటే మూడు గంటల పరీక్షకు గంట. చూపు అవసరమయ్యే ప్రశ్నలకు బదులు వేరే ప్రశ్న ఇవ్వాలనీ అందులో ఉంది. సోషల్ మ్యాపు విషయంలో ఇది మీకు పనికొస్తుంది. 40 శాతం, ఆ పైన వైకల్యం ఉన్నవారికి ఉన్నత విద్యలో ప్రభుత్వ సంస్థలు, ప్రభుత్వ సాయం పొందే సంస్థలు 5 శాతానికి తగ్గకుండా సీట్లు కేటాయించాలని అదే చట్టం 32వ సెక్షన్. 40 కంటే తక్కువ వచ్చిందని నిరాశ పడొద్దు. రాయడానికి నిజంగా ఇబ్బంది ఉంటే 40 శాతం లేదన్న కారణంతో సహాయకుణ్ని నిరాకరించకూడదని 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వికాస్ కుమార్ కేసులో తీర్పు ఇచ్చింది. మీ ఊరి సచివాలయంలో సదరం స్లాటు బుక్ చేస్తారు. ఆ కాగితం మీ బీరువాలోనే ఉంటుంది, ఊరి గోడ మీద ఎవరూ అంటించరు. అత్తయ్యగారికి ఈ మాట చెప్పండి. ట్రిపుల్ ఐటీ సీటు తెచ్చుకునే పిల్లకు ఆ కాగితం ఎంత ఆసరానో కూడా చెప్పండి.

బెజవాడ కుర్రాడు

అక్కా, నాకూ చూపు తక్కువే, కారణం వేరు. ఇప్పుడు బ్యాంకులో పనిచేస్తున్నాను. టీచర్ గారు అన్నీ చెప్పారు, నేను పరీక్ష హాలు సంగతి ఒక్కటే చెబుతాను. అక్కడ అమ్మ ఉండదు, తెలిసిన టీచరు ఉండరు.

స్క్రైబ్ అంటే మనం చెబితే రాసిపెట్టే అబ్బాయి గానీ అమ్మాయి గానీ. పదో తరగతికి సాధారణంగా తొమ్మిదో తరగతి పిల్లల్నే ఇస్తారు. అంటే ఆ లెక్క వాళ్లకి ఇంకా తెలియదు. నేను వర్గ సమీకరణం సూత్రం చెప్పాను, "మైనస్ బి ప్లస్ ఆర్ మైనస్ రూట్ ఓవర్ బి స్క్వేర్ మైనస్ ఫోర్ ఏసీ బై టూ ఏ" అని. ఆ పిల్లాడు రూట్ కింద మాత్రమే గీత గీసి టూ ఏ వేశాడు, మైనస్ బి బయట ఉండిపోయింది. నేను భూతద్దం పెట్టి చూసుకున్నాను కాబట్టి తెలిసింది. అప్పటినుంచి "మైనస్ బి దగ్గర మొదలుపెట్టి చివరిదాకా పొడుగ్గా గీత గియ్యి, గీత కింద టూ ఏ" అని చెప్పడం అలవాటు చేసుకున్నాను. బ్రాకెట్ తెరవడం, మూయడం కూడా నోటితో చెప్పాలి. ఇంగ్లీషు పేపర్లో స్పెల్లింగ్, ఎక్కడ కామా, ఎక్కడ పేరా మార్చాలో అన్నీ చెప్పాలి.

తప్పు రాస్తే ఆపమనాలి. "తమ్ముడూ, ఒకసారి రాసింది చదువు" అనడానికి నాకు మొదట్లో చాలా మొహమాటంగా ఉండేది, పాపం మనకోసం వచ్చాడు కదా అని. మార్కులు పోయేది మనవే. ఇన్విజిలేటర్ అదనపు సమయం మర్చిపోయి పేపరు లాక్కోబోతే "సార్, నాకు అదనపు సమయం ఉంది, ఆర్డరు ఇదిగో" అని కూర్చున్న చోటినుంచే చెప్పగలగాలి. ఆ ఆర్డరు కాపీ హాల్ టికెట్‌తో పాటు పెట్టుకోమనండి. పరీక్ష సంస్థే స్క్రైబ్‌ని ఇస్తే రెండు రోజుల ముందు కలుసుకునే అవకాశం ఇవ్వాలని టీచర్ గారు చెప్పిన 2018 మార్గదర్శకాల్లో ఉంది. తప్పకుండా కలవాలి. ఎంత వేగంగా రాస్తారో, తెలుగు వత్తులు సరిగ్గా వస్తాయో లేదో చూసుకోవచ్చు.

సాధన కోసం ఇంట్లో చిన్నవాళ్లెవరైనా ఉంటే రోజూ ఒక లెక్క చెప్పి రాయించమనండి. నోటితో లెక్క చెప్పడం వచ్చిన పిల్ల టీచరుతో మాట్లాడటానికి జంకదు. నాకు అలాగే అలవాటైంది.

ఎగతాళి పేర్లు పెట్టి పిలిచేవాళ్లు ఉంటారు. నన్నూ పిలిచారు. ఒక స్నేహితుడు నిలబడితే చాలు, ఆ బడి గడిచిపోతుంది.

మామిడితోట

అందరికీ చాలా కృతజ్ఞతలు. వెంటనే రాయలేదు, కాస్త జరిగాక రాద్దామని ఆగాను.

మాస్టారి జవాబు అమ్మాయికి చదివి వినిపించాను. "ఇది ఇటు వస్తే అది మైనస్" దగ్గర పకపకా నవ్వింది, "అచ్చం మా సార్ ఇలాగే చెబుతారమ్మా" అని. ఈ మాట బయటికి అనొచ్చని దానికి అప్పటిదాకా తెలియదు.

డాక్టరు దగ్గర దాన్నే ముందు కూర్చోబెట్టాం. టీచర్ గారూ, మీరు రాసిన ప్రశ్నే మొదటిది. నేను బయటికి పోదామా అనుకున్నాను, పోలేదు. డాక్టరు గారు కంటి బొమ్మ గీసి ఏ భాగం ఎలా ఉందో చూపించి, ఏడాదికోసారి పరీక్ష చేద్దామన్నారు. వచ్చేటప్పుడు బస్సులో ఆ కాగితం మళ్లీ మళ్లీ తీసి చూసుకుంది.

మొదట అడగడానికి సోషల్ మేడాన్ని ఎంచుకుంది. గోడ మీద మ్యాపులో ఆవిడ కర్ర పెట్టి చూపిస్తుంటే తనకు గోడ తప్ప ఏమీ కనపడదట. "మేడం, మీరు చూపించేటప్పుడు నా చేతిలో అట్లాసు పెట్టుకోనా, ఊరి పేరుతో పాటు ఏ దిక్కున ఉందో కూడా చెబుతారా?" అని అడిగిందట. నేను వెళ్లలేదు, స్నేహితురాల్ని తీసుకెళ్లింది. మేడం సరేనన్నారు. ఇప్పుడు "గోదావరి నాసిక్ దగ్గర, పటానికి ఎడమ పక్కన మొదలై తూర్పుగా" అంటూ చెబుతున్నారట. లెక్కల సారును ఇంకా అడగలేదు. ఆయనంటే అందరికీ భయమే. రోజూ నాతో నటన మాత్రం సాగుతోంది, విసుక్కునే సారు వేషం మా ఆయన వేస్తున్నారు.

అత్తయ్యగారు ఇంకా ఒప్పుకోలేదు. అయినా మా ఆయన సచివాలయానికి వెళ్లి స్లాటు అడిగి వచ్చారు.

ఇప్పుడు కొత్త సందేహం. పిల్ల స్క్రైబ్ వద్దంటోంది, అదనపు సమయంతో తనే రాస్తానంటోంది. అలసిపోతుందని మా భయం. ఏది మంచిది?

భవిత టీచర్

గోదావరి మాట చదివి చాలా సంతోషమేసింది. ఆ మేడానికి మా తరఫున నమస్కారాలు చెప్పమనండి.

స్క్రైబ్ విషయంలో అమ్మాయి మాటకే విలువివ్వండి. కానీ ఊహతో తేల్చుకోవద్దు. తొమ్మిదో తరగతిలో ఇంకా పరీక్షలున్నాయి కదా, హెచ్ఎం గారిని అడిగి ఒక పరీక్ష అదనపు సమయంతో సొంతంగా, మరొకటి స్క్రైబ్‌తో రాయనివ్వండి. అడగాల్సింది అమ్మాయే, ఉత్తరంలో. రాశాక కళ్లు ఎంత లాగాయి, తలనొప్పి వచ్చిందా, ఎన్ని ప్రశ్నలు మిగిలాయి అని తనే రాసుకోవాలి. సొంతంగా రాస్తే పెద్దక్షరాల ప్రశ్నపత్రం అడగడం మర్చిపోవద్దు. కొందరు పిల్లలు భాషలు సొంతంగా రాసి, లెక్కలు, సైన్సు మాత్రం స్క్రైబ్‌తో రాయాలనుకుంటారు. అలా కుదురుతుందా అనేది కూడా ముందే హెచ్ఎం గారి ద్వారా కనుక్కోమనండి.

ఏది అనుకున్నా పదో తరగతి నామినల్ రోల్స్, అంటే పరీక్ష రాసే పిల్లల వివరాల జాబితా, బడి నుంచి పంపేనాటికి సర్టిఫికెట్ చేతిలో ఉండాలి. ఆ రోల్స్‌లో పేరు, పుట్టిన తేదీ, వైకల్యం గడి సరిగ్గా నింపారో లేదో సంతకం పెట్టేముందు అమ్మాయే చూసుకోవాలి. అక్షరాలు చిన్నవిగా ఉంటాయి, భూతద్దం తీసుకెళ్లమనండి, కనపడకపోతే పైకి చదివి వినిపించమని గుమస్తా గారిని అడగమనండి.

సదరం క్యాంపుకు పాత రిపోర్టులన్నీ వరస తేదీలతో ఫైల్లో పెట్టుకుని వెళ్లండి. రెటీనా ఫోటోలు తీసి ఉంటే అవి మరీ ముఖ్యం. పిల్ల మామూలుగా నడిచొస్తే అక్కడ కూడా ఒక్కోసారి అనుమానంగా చూస్తారు. అడిగిన ప్రశ్నలకు తననే చెప్పనివ్వండి, మీరు ఫైలు పట్టుకోండి. లెక్కల సారు సంగతి ఏమైందో తప్పకుండా రాయండి.